జీడిపప్పూ, మేధ అనే మాటా

‘కృత్రిమ మేధ’ అనే మాటను మన రచయితలు పరీక్షించకుండానే వాడుతున్నారని నా అభియోగం. 1955లో జాన్ మెకార్తీ ప్రభృతులు తమ పరిశోధన ప్రతిపాదనకు పెట్టుకున్న పేరది. పేరు పెట్టడంలో దోషం లేదు. పేరు చూసి మురిసిపోవడంలోనే ఉన్నది.

పలాస జీడిపప్పునే తీసుకుందాం. డబ్ల్యు 320 అంటే పౌనుకు 300 మొదలు 320 వరకు తూగే నిండు తెల్లపప్పు. దాన్నీ, మాడినదాన్నీ, బద్దనూ, ముక్కనూ ఒక్క చూపులో విడదీయడం అక్కడి స్త్రీలు ఏళ్ల తరబడి కూర్చుని నేర్చిన విద్య. ఇప్పుడు ఈ పరిశ్రమలోకి నేర్పుకోగల కెమెరా యంత్రాలు వచ్చాయి. పప్పు జారుతూండగానే బొమ్మతీసి, రకం తేల్చి, కానిదాన్ని గాలిదెబ్బతో పక్కకు నెడతాయి. బాగున్నది. కాని ఏది మచ్చో యంత్రానికి మొదట చూపిందెవరు? మనుషులు ఏరి, రకం చెప్పిన పప్పే గదా దానికి ఓనమాలు! స్త్రీ కంటిలో ఉన్నంతకాలం కూలిపని అనిపించుకున్న చూపు, యంత్రంలోకి ఎక్కగానే మేధ అయింది.

యంత్రాన్ని భూతంగా చిత్రించే కవులతోనూ నాకు పొత్తు కుదరదు. పిక్క కొట్టేటప్పుడు చిమ్మే జీడి చేతులను కాలుస్తుంది. ఆ పని యంత్రానికి పోవడం మేలే. (ఇది మరచి వ్రాసిన పద్యాలు కొన్ని చదివాను, చేతులు కాలనివారి పద్యాలవి.) వాస్తవికతను కోరే కథకుడు చూడవలసిన చోటు వేరు. ఏరే బల్ల దగ్గరనుంచి లేచిన మనిషి ఏ పనికి, ఏ రేటుకు పోయింది? మిగిలిన కూలి ఎవరి లెక్కలో జమ అయింది?