మోసగాడి శ్రమ: గొగోల్ 'జూదరులు'

గొగోల్ 'జూదరులు' (1842) నాటకాన్ని వట్టి ప్రహసనంగా చదవడం పొరపాటు. ఇఖరేవ్‌కు పేకాటలో మోసమే వృత్తి. ముక్కల వెనుక గుర్తులు పెట్టి ఒక పేక తయారు చేయడానికి దాదాపు ఆరు నెలలు పాటుపడ్డాడు. ఆ తర్వాత రెండు వారాలు ఎండకేసి చూడలేకపోయాడు. ఆ పేకకు అదెలైదా ఇవానొవ్నా అని ఆడమనిషి పేరు కూడా! ఇంత శ్రమా ఉత్పత్తి చేసింది సున్న. ఇలాంటివాణ్ణి తోటి మోసగాళ్లే భాగస్థుణ్ణి చేసుకుంటారు. దొంగ తండ్రినీ, దొంగ కొడుకునూ, దొంగ గుమాస్తానూ చూపించి, 2,00,000 రూబుళ్ల చెల్లని నోటు అంటగట్టి, 80,000 నగదుతో ఉడాయిస్తారు. కోర్టుకెక్కుదామంటే తానూ ఆ కుట్రలో వాటాదారే.

ఇంతవరకు గొగోల్ చూపు నిశితం. కాని ఈ రూబుళ్లు ఎవరి చెమటో నాటకం అడగదు. తాకట్టు ఎస్టేటు ప్రస్తావన వస్తుంది. దాన్ని దున్నే అర్ధబానిసలు రారు. అదే ఏడాది వెలువడిన 'మృతజీవులు'లో ఆ రైతుల చావు సైతం సరుకు కావడాన్ని చూపించినవాడు ఈ గొగోలే.