పాత కారు ఏసీకి గ్యాస్ ఒక్కటే మందా?

పాత కారులో ఏసీ చల్లబరచడం మానేస్తే యజమాని మొదట అనే మాట ‘గ్యాస్ నింపండి’. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉండేది. రబ్బరు హోసుల్లోంచి, కంప్రెసర్ సీలు పక్కనుంచి ఏళ్ల తరబడి కొంత పోవడం సహజమే. ప్రతి వేసవికీ నింపించుకోవలసి వస్తోందంటే మాత్రం కిందటి వేసవిలో జరిగింది మరమ్మతు కాదనే అర్థం. ఈ పనిలో అసలు విద్య నింపడంలో లేదు, కారే చోటు పట్టుకుని మూయడంలో ఉంది.

బెంగళూరులో ఆ విద్యకు తగిన చోటు నగర్తపేట పరిసరాలు. ఒకవైపు బంగారు పనివాళ్ల గదులు, నడిచిపోయేంత దూరంలో కారు విడిభాగాల జె.సి. రోడ్డు. కంసాలి నగకు టంకం వేసే ముందు అతుకు శుభ్రం చేసి, వెలిగారం పూసి, వేడిచేస్తాడు. కరిగిన లోహం సన్నటి సందులోకి తనంతట తానే పాకుతుంది. పాత కూలింగ్ కాయిల్ రాగి గొట్టాన్ని వెండి కలిసిన కడ్డీతో అతికేదీ ఇదే సూత్రం మీద. అతకడానికి ముందు చిల్లి దొరకాలి కదా! గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా తిరుగుతుంది కనుక, గొట్టం మీద జిడ్డు పట్టి దుమ్ము అంటుకున్న మరకే మొదటి సాక్ష్యం. ఆ తర్వాత పొడి నైట్రోజన్ ఎక్కించి అతుకులకు సబ్బు నురగ పూస్తే, బుడగ లేచిన చోట దొంగ దొరికినట్టే.

లీకు మూశాక వాక్యూమ్ పంపు వంతు. లోపలి గాలిని లాగేస్తే పీడనం పడిపోయి, మిగిలిన తేమ మామూలు వేడికే ఆవిరై బయటికొస్తుంది. అది లోపలే ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సందులో మంచై అడ్డుపడుతుంది, నూనెతో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. ఇక్కడ బెంగళూరుకే చెందిన చిక్కొకటుంది. సముద్రమట్టాన్ని లెక్కలో పెట్టుకుని రాసిన పుస్తకాలు గేజు ముల్లు 29 అంగుళాల పాదరసం చూపాలంటాయి. ఊరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, గాలి బరువే తక్కువ. పంపు ఎంత మంచిదైనా ముల్లు 27 దగ్గరే ఆగుతుంది. ఇక్కడ 29 చూపే గేజును అనుమానించాలి తప్ప 27 చూపే పంపును కాదు. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలవడమే అసలు పరీక్ష.

1984లో వచ్చిన కాంటెస్సా కాలపు కార్ల ఏసీలు ఆర్-12 గ్యాస్ కోసం తయారైనవి. ఓజోన్ పొరను తినే ఆ గ్యాస్‌ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచం వదిలేసింది. దాని బదులు వచ్చిన ఆర్-134ఏ పాత మినరల్ నూనెతో కలవదు. నూనె కూలింగ్ కాయిల్‌లోనే ఉండిపోయి కంప్రెసర్ ఎండిపోతుంది. అందుకే ఎస్టర్ నూనె, కొత్త డ్రయర్, కొత్త ఓ-రింగులు వేయాలి. గ్యాస్ కూడా పాత బరువులో 80–90 శాతం చాలు. పాత లెక్కన నింపితే పీడనం పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది. తూకం వేయకుండా సీసాను చేత్తో ఊపి అంచనా వేసేవాళ్లకు దూరంగా ఉండడమే మేలు.

ఇంత తంటా ఎందుకు, మొత్తం తీసి కొత్త కిట్ వేయొచ్చుగా అనేవాళ్లున్నారు. రోజూ తిరిగే కారైతే ఆ వాదనను కాదనలేం. పాత తరహా కండెన్సర్‌కు ఆర్-134ఏ పీడనం భారమే, ముఖ్యంగా ట్రాఫిక్‌లో. అక్కడ కండెన్సర్ ఒక్కదాన్ని మార్చుకోవడం న్యాయం. డాష్‌బోర్డు కోసి కొత్త పెట్టె ఇరికించడం మాత్రం వేరే సంగతి. అసలు రూపం కోసమే ఉంచుకున్న కారులో ఆ కోత తిరిగి పూడదు. బెంగళూరు చల్లటి ఊరు, ఏసీ లేకపోతేనేం అనే మాట ఏప్రిల్‌లో నిలవదు. పైగా ఆడించని కంప్రెసర్ సీలు ఎండి కారడం మొదలెడుతుంది. షెడ్డులో ఉండే కారుకైనా అప్పుడప్పుడు కొన్ని నిమిషాలు ఏసీ వేయాల్సిందే.

పర్యావరణం పేరిట వచ్చే అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. భూమిని వేడెక్కించడంలో కిలో ఆర్-12 పదివేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను మించుతుంది, ఆర్-134ఏ వెయ్యి కిలోలను దాటుతుంది. కానీ ఆ నష్టం గ్యాస్ బయటికి పోయినప్పుడే. పాత గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా యంత్రంతో సీసాలోకి లాగి, లీకు కట్టి, తూచి నింపే మేస్త్రీ మీద కంటే, ఏటా నింపుతూ పోయే దుకాణం మీదే ఈ అభ్యంతరం పడాలి. 2016 నాటి కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది కనుక ఆర్-134ఏ తరహా గ్యాస్‌లకూ ఇక్కడ 2028లో పరిమితి పడి, 2032 నుంచి కోత మొదలవుతుంది.