ఒక్కొక్క కార్డే కలుపుతూ

ఎనిమిది గ్రాఫిక్స్ కార్డులు పెట్టిన క్రిప్టో మైనింగ్ రిగ్గులో ఆరే కనిపిస్తున్నాయి. మిగతా రెండింటి ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా, అవి ఉన్నట్టు కంప్యూటరుకు తెలియదు. మదర్‌బోర్డు పోయిందని యజమాని అప్పటికే తేల్చేసుకుంటాడు. చేయి తిరిగిన మెకానిక్ మాత్రం ఆ మాట అంత తొందరగా ఒప్పుకోడు. ముందు ఎనిమిది కార్డులూ విప్పేస్తాడు.

బళ్ళారిలో మైనింగ్ అంటే నేటికీ సండూరు కొండలు, ఎర్ర దుమ్ము, ఖనిజం లారీలే గుర్తొస్తాయి. 2011 జూలై 29న సుప్రీంకోర్టు ఈ జిల్లాలో తవ్వకాలు ఆపించిన సంగతి కర్ణాటక-ఆంధ్ర సరిహద్దుకు ఇటూ అటూ అందరికీ తెలిసిందే. క్రిప్టో మైనింగ్‌లో తవ్వడానికి కొండ ఉండదు. గ్రాఫిక్స్ కార్డుల చేత రాత్రింబవళ్ళు లెక్కలు చేయించి కాయిన్లు సంపాదించడమే అందులోని పని. 2022 సెప్టెంబరు 15న ఈథీరియం తన పద్ధతి మార్చుకోవడంతో కార్డులతో చేసే మైనింగ్ చాలావరకు కూలిపోయింది. మన దేశంలో క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. అయినా ఆ బోర్డులు, కార్డులు ఎక్కడికీ పోలేదు. చేతులు మారి వీడియో పనులకూ, ఏఐ ప్రయోగాలకూ వాడుకలోకి వస్తున్నాయి. అందుకే వాటిని బాగుచేసే విద్యకు విలువ తగ్గలేదు.

ఆ విద్య కొత్తదేమీ కాదు. రేడియో, టీవీ రిపేరు బల్లల మీద పెరిగిన పద్ధతే ఇది: అన్నీ తీసెయ్యాలి, తప్పనిసరైనవే ఉంచాలి, తర్వాత ఒక్కొక్కటే కలుపుతూ రావాలి.

తప్పనిసరైనవంటే ప్రాసెసరు, ఒక ర్యామ్, పవర్ సప్లై, స్క్రీను. ఇంతవరకే పెట్టి ఆన్ చేస్తే తెర వెలిగిందా, బోర్డుకు ప్రాణం ఉన్నట్టే. వెలగకపోతే మల్టీమీటరు బయటికి వస్తుంది. 24 పిన్నుల కనెక్టరులో ఊదారంగు వైరు మీద, స్విచ్ నొక్కకముందే 5 వోల్టులు ఉండాలి. ఆకుపచ్చ వైరు మీది వోల్టేజీ స్విచ్ నొక్కగానే సున్నా దగ్గరికి పడాలి. ఊదా వైరులో 5 వోల్టులు ఉండి ఆకుపచ్చది పడకపోతే వెతకాల్సింది స్విచ్ దగ్గరో బోర్డులోనో. ఊదాలోనే ఏమీ లేకపోతే సప్లైని బోర్డు నుంచి విడదీసి మళ్ళీ కొలవాలి. విడిగా వోల్టేజీ వచ్చి, తగిలించగానే పడిపోతోందంటే బోర్డులో ఎక్కడో షార్ట్ ఉన్నట్టు.

బోర్డు లేచాక మొదటి కార్డును నేరుగా స్లాటులో పెట్టి చూస్తారు. అది పనిచేస్తే అదే కార్డును రైజర్ మీదికి మారుస్తారు. రైజర్ అంటే కార్డును బోర్డుకు దూరంగా నిలబెట్టే చిన్న పలక. దానికీ బోర్డుకూ మధ్య ఉండేది చూడటానికి మామూలు యూఎస్‌బీ కేబులే అయినా, అందులో నడిచేవి పీసీఐ ఎక్స్‌ప్రెస్ సంకేతాలు. కనిపించని కార్డును కనిపించే కార్డు రైజర్ మీదికి మార్చి చూస్తే, తప్పు కార్డుదో రైజరుదో తేలిపోతుంది. చాలాసార్లు దొరికే దొంగ రైజరే.

రైజరుకు కరెంటు ఎక్కడినుంచి ఇచ్చారన్నది ఇంకా ముఖ్యం. సాటా కనెక్టరులో 12 వోల్టుల పిన్నులు మూడు. ఒక్కోటి మోయగలిగింది 1.5 ఆంపియర్లు. మొత్తం 54 వాట్లు. కార్డు స్లాటు నుంచి 75 వాట్ల దాకా లాగవచ్చు. ఈ లెక్క తప్పినచోటే ప్లాస్టిక్కు కరుగుతుంది, నల్లబడుతుంది. అందుకే మెకానిక్ మీటరు పెట్టకముందే కనెక్టరును వాసన చూస్తాడు.

స్లాటు లెక్క పెద్ద కంపెనీలకూ పరీక్ష పెట్టింది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన తెలుగువాడు రాజా కోడూరి ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతిగా ఉన్న రోజుల్లో, 2016 జూన్ 29న ఆర్‌ఎక్స్ 480 కార్డు వచ్చింది. తర్వాత మైనర్లకు బాగా ఇష్టమైన కార్డుల్లో అదొకటి. విడుదలైన వెంటనే, స్లాటు నుంచి అది పరిమితికి మించి కరెంటు లాగుతోందని సమీక్షకులు కొలిచి చూపించారు. జూలైలో కంపెనీ కొత్త డ్రైవరుతో దాన్ని సరిచేసింది.

ఇక ఏ మీటరుకూ చిక్కని తప్పు ఒకటుంది. ప్రతి కార్డూ మెమరీలో కొన్ని డోర్ నంబర్లు అడుగుతుంది. పాత వీధి 4 జీబీతో అయిపోతుంది. నాలుగైదు కార్డులు చేరేసరికే ఇళ్ళు నిండిపోయి, తర్వాత వచ్చినవాటికి చోటు దొరకకపోవచ్చు. బయోస్‌లో 'అబవ్ 4జీ డీకోడింగ్' ఆన్ చేయడమంటే ఆ వీధికి అవతల కొత్త లేఅవుట్ వేయడమే. అయితే చాలా బోర్డుల్లో ఈ సెట్టింగును కాపాడేది రూపాయి బిళ్ళంత సీఆర్ 2032 బ్యాటరీ. 3 వోల్టుల ఆ బ్యాటరీ నీరసించి ఉన్నప్పుడు కరెంటు పోతే సెట్టింగు చెరిగిపోతుంది, కార్డులు మాయమవుతాయి. నిన్న నడిచింది, రాత్రి కరెంటు పోయి వచ్చింది, ఇవాళ నడవట్లేదు అంటే ముందు చూడాల్సింది ఈ బిళ్ళనే.

2017లో ఆసుస్ తెచ్చిన బీ250 మైనింగ్ ఎక్స్‌పర్ట్ బోర్డుకు 19 స్లాట్లు, మూడు 24 పిన్నుల కనెక్టర్లు. ఆన్ చేయగానే ఏ స్లాటులో కార్డు పలికిందో, ఎక్కడ పలకలేదో తెరమీద చూపిస్తుంది. మెకానిక్ గంటసేపు చేసే విచారణను బోర్డులోనే పెట్టారన్నమాట. కానీ ఎందుకు పలకలేదో అది చెప్పదు. ఆ కారణం పట్టుకోవడానికి మనిషే కావాలి.

ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే బళ్ళారిలో, దుమ్ముతో మూసుకుపోయిన హీట్‌సింకు కార్డునూ బోర్డునూ కలిపి వేధిస్తుంది. మెత్తని బ్రష్షు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కొత్త థర్మల్ పేస్టు ఉంటే సగం రిగ్గులు ఊపిరి పీల్చుకుంటాయి. ఎలక్ట్రానిక్ చెత్తపై కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. బాగయ్యే బోర్డు ఆ చెత్తలో చేరకుండా ఆపేది మాత్రం బల్ల దగ్గరి ఓపికే. మీ ఇంట్లోనో దుకాణంలోనో పోయిందని పక్కన పెట్టిన బోర్డు ఉంటే, పాత సామాను బండికి వేసేముందు బ్యాటరీ మార్చి, ఒకే ఒక్క కార్డు పెట్టి ఒకసారి ఆన్ చేసి చూడండి.