‘టింటినాబ్యులేషన్’ : మోత వెనుక మనిషి

ధ్వన్యనుకరణ పదాల గురించి మన పాఠ్యగ్రంథాలు చెప్పే మాట ఒక్కటే: చప్పుడును పోలిన మాటలు కవితకు అందం తెస్తాయని. విద్యార్థి ఆ నిర్వచనం కింద ఎడ్గార్ ఎలన్ పో ‘ది బెల్స్’లోని ‘టింటినాబ్యులేషన్’ను ఉదాహరణగా రాసి మార్కులు తెచ్చుకుంటాడు. ఆ మాట అక్కడ ఏం పని చేస్తున్నదని అడిగేవారు లేరు. అడగటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పో 1849 అక్టోబరులో మరణించాడు. ఆ గీతం మరుసటి నెలలో అచ్చయింది. ఈ మాటను అతనే పుట్టించాడని కొందరంటారు గాని, అంతకుముందే అది అచ్చులో ఉంది. చిరుగంటకు లాటిన్‌లో ఉన్న ‘టింటినాబులం’ అనే పేరు దాని మూలం. గంట మోత నిజానికి మొదటి రెండక్షరాల్లోనే ఉంది. తక్కినది పండితులు తగిలించిన తోక. ఆ తోకకు పని చెప్పటంలో ఉంది పో ప్రతిభ. దెబ్బ తగిలాక గాలిలో సాగి సాగి అణగిపోయే నాదం అందులో వినబడుతుంది.

అంతకంటె ముఖ్యం మరొకటి. గీతంలో నాలుగు భాగాలున్నాయి: మంచుబండి వెండి గంటలు, పెళ్లి బంగారు గంటలు, అగ్నిప్రమాదాన్ని చాటే కంచు గంటలు, చావును చాటే ఇనుప గంటలు. ‘టింటినాబ్యులేషన్’ వెండి గంటలకే చెల్లింది. మంటలు లేచేసరికి కవి దాన్ని వదిలేసి కరకు మాటలు పట్టుకున్నాడు. అది తీరుబడి ఉన్నవాడి చెవికి వినిపించే మోత. ఇల్లు కాలుతున్నవాడికి వినిపించేది కాదు.

దీన్ని ఎవరైనా ‘కింకిణీరవం’ అని అనువదిస్తే నేను తప్పుపట్టను. ‘కింకిణి’ కూడా చప్పుడులోంచి పుట్టి పండితుల చేతుల్లో నునుపుదేరిందే. కాని కంచు గంటలకూ అదే అతికిస్తే గీతం చచ్చిపోతుంది. అక్కడ కావలసిన మాటలు నిఘంటువులో కంటే వీధిలో ఎక్కువ దొరుకుతాయి.

నేను ఖైరతాబాద్‌లో విన్నవే చెబుతాను. 1954లో అడుగు విగ్రహంతో మొదలైన వినాయకుడి పందిట్లో హారతి గంట గణగణలాడుతుంది. పీచుమిఠాయివాడి చేతిగంట టింగుటింగుమంటుంది. అతని జేబులో చిల్లర గలగలమంటుంది. బడిలో వేలాడే రైలుపట్టా ముక్క ఠంగుమంటుంది. తెలుగు తోక తగిలించదు, జంట చేస్తుంది. దెబ్బమీద దెబ్బ పడుతూనే ఉంటుంది. ఒక్క దెబ్బయితే జంట విడగొట్టి ‘ఠంగుమని’ అంటాం. ఇంత సూక్ష్మమైన వ్యవస్థను గ్రామ్యమని ఈసడించినవారు భాషకు మేలు చేశారా?

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ (1950)లోనూ ‘గంటలు’ అనే గీతం ఉంది. పో గంటల్ని లోహాన్నిబట్టి విభజిస్తే, శ్రీశ్రీ అవి మోగే చోట్లను లెక్కపెట్టాడు. ఈ తేడా శిల్పానికి సంబంధించింది మాత్రమే కాదు. లోహం వస్తువు గుణం చెబుతుంది. చోటు చెప్పగానే అక్కడున్న మనుషులు కనిపిస్తారు. అభ్యుదయ కవిత్వం ధ్వన్యనుకరణకు చేర్చిన విలువ ఇదే.

ఇవాళ చాలా కవితల్లో ఏరులన్నీ గలగల, కన్నీళ్లన్నీ జలజల. ఎండిన ఏరు గలగలమనదు, బిగబట్టిన దుఃఖం జలజల రాలదు. వస్తువును చూడకుండా వేసిన శబ్దం రూపవాదులు రాసినా మనవాళ్లు రాసినా బోలుదే. గంట మోగిందని రాసేముందు రచయిత దాన్ని ఎవరు కొడుతున్నారో, ఎవరికోసం కొడుతున్నారో తేల్చుకోవాలి. సరైన మాట ఆ తరువాతే దొరుకుతుంది.