పోగు తెగితే మగ్గం ఆగాలి

ఎండాకాలం సెలవులు దగ్గర పడితే చాలు, మా మెకానికల్ విద్యార్థులు ఇంటర్న్‌షిప్ లెటర్ల కోసం స్టాఫ్‌రూమ్ చుట్టూ తిరుగుతుంటారు. అటు నల్లగొండ పిల్లలైనా, ఇటు పాలమూరు పిల్లలైనా, కార్ల మీద మోజున్నవాళ్లు ముందు చెప్పే పేరు పెనుకొండ. జడ్చర్ల దగ్గర 44వ నంబరు హైవే ఎక్కితే కర్నూలు, అనంతపురం మీదుగా అక్కడికే చేరుతాం. 2019లో అక్కడ కియా కార్ల తయారీ మొదలైంది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసేలా కట్టిన ఫ్యాక్టరీ. పిల్లలతో నేనొక చిన్న లెక్క చేయిస్తాను. ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే రోజుకు వెయ్యి కార్లు. రాత్రింబవళ్లు ఆగకుండా నడిచినా కారుకు 86 సెకన్లు. ఆ అంకె బోర్డు మీద రాయగానే వెనక బెంచీలు కూడా తలెత్తుతాయి.

బీటెక్ మూడో ఏడాది సెలవుల్లో నేనూ ఒక కార్ల ఫ్యాక్టరీలో ఆరు వారాలున్నాను. మొదటి వారమంతా తిప్పి చూపించారు. ప్రెస్ షాపులో ఉక్కు రేకు ఒక్క దెబ్బకు డోరు ఆకారం తేలుతుంది. బాడీ షాపులో రోబోలు నిప్పురవ్వలు చిమ్ముతూ వేల చోట్ల స్పాట్ వెల్డింగు చేస్తాయి. పెయింట్ షాపులో బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, తుప్పు పట్టని పూత పట్టించాకే రంగు దాకా వెళ్తారు. మిగిలిన ఐదు వారాలు నన్ను అసెంబ్లీ లైన్ పక్కన నిలబెట్టారు. ముందు సీటు బెల్టు బోల్టు బిగించే చోట టైమ్ స్టడీ నా పని. చేతిలో స్టాప్‌వాచ్, నోట్‌బుక్.

ఆ చోట ఒక అన్న పనిచేసేవాడు. బోల్టు పెట్టి, టార్క్ రెంచ్ తిప్పి, ‘టిక్’మని చప్పుడు వినగానే పసుపు మార్కర్‌తో బోల్టు తల మీద చుక్క పెట్టేవాడు. ఆ చుక్క ఆయన సంతకం. బిగించాను, నాదే పూచీ అని దాని అర్థం. నేను సెకన్లు రాసుకుంటూనే చుక్కలు చూడటం అలవాటు చేసుకున్నాను.

రెండో వారంలో ఒక కారు చుక్క లేకుండా ముందుకు కదిలింది. చూశాను. తల మీదుగా ఒక తాడు వేలాడుతూనే ఉంది. దాన్ని లాగితే దీపం వెలిగి లైన్ లీడర్ వస్తాడు. కారు ఆ స్టేషన్ దాటేలోగా సరిచేయలేకపోతే లైన్ ఆగిపోతుంది. నేను లాగలేదు. కాలేజీ నుంచి వచ్చినవాణ్ణి, వంద మంది పని ఆపడానికి నేనెవరిని అనుకున్నాను. తర్వాతి తనిఖీలో అది పట్టుబడింది.

మా లైన్ లీడర్‌ది కొత్తకోట. పాలమూరు మనిషి. మధ్యాహ్నం నన్ను పక్కకు పిలిచాడు.

“చుక్క లేనిది నువ్వు చూసినవా?”

“చూసిన అన్నా.”

“మరి తాడు ఎందుకు గుంజలే?”

“లైన్ ఆగితే మిమ్మల్ని అడుగుతరని...”

“ఆగితే నన్ను అడుగుతరు, నేను చెప్పుకుంట. బెల్టు ఊడొస్తే ఆ బండ్ల కూసున్నోడు ఎవర్ని అడగాలె?”

ఆయన గొంతు పెంచలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాది నేతగాళ్ల ఊరు, పుట్టపాక. మా నాయిన గుంట మగ్గం మీద చిటికి (ఇక్కత్) చీరలు నేసేవాడు. పడుగులో ఒక్క పోగు తెగినా ఆయన కాలు తొక్కుడు మీద ఆగేది. వేళ్లు తడి చేసుకుని, పోగు వెతికి, అతికి, నిమిరి చూసి, అప్పుడే మళ్లీ నాడె విసిరేవాడు. ఆగకుండా నేస్తే ఆ సందు చీర పొడుగునా గీతలా మిగిలిపోతుంది. ఇరవై ఏళ్లు కళ్ల ముందు చూసిన పనిని ఫ్యాక్టరీలో నేను గుర్తుపట్టలేకపోయాను.

అసలు ఆ తాడు వెనక ఉన్న ఆలోచన మగ్గం నుంచే వచ్చిందని తర్వాత చదువుకున్నాను. జపాన్‌లో సకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన మగ్గం, పోగు తెగగానే తనంతట తానే ఆగిపోయేది. 1929లో దాని హక్కులను ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్‌కు అమ్మారు. ఆయన కొడుకు కీచిరో కార్ల వైపు మళ్లాడు. 1937లో టొయోటా మోటార్ కంపెనీ ఏర్పడింది. తప్పు కనబడిన చోటే పని ఆపాలన్న పద్ధతి మగ్గాల షెడ్డు నుంచి కార్ల లైన్‌కు నడిచొచ్చింది.

మన దగ్గర చింతకింది మల్లేశం కథ ఇంకా దగ్గరిది. ఆలేరు పక్కన శారాజీపేట. ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు పోగును కొయ్యల చుట్టూ తిప్పి చుట్టడానికి, వాళ్లమ్మ లక్ష్మి చేయి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ భుజం నొప్పి చూస్తూ పెరిగిన మల్లేశం ఆరో తరగతితో చదువు ఆపినవాడు. ఏళ్ల తరబడి ఆసు పోసే యంత్రం కోసం కుస్తీ పట్టి, ఒక దగ్గర ఆగిపోయాడు. హైదరాబాద్ బాలానగర్‌లో పనికెళ్లినప్పుడు అక్కడొక యంత్రం కదలిక చూసి తనకు కావలసింది పట్టుకున్నాడు. 1999లో లక్ష్మి ఆసు యంత్రం తయారైంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. పని జరిగే చోట నిలబడి, కళ్లు పెట్టి చూడటమే ఇంటర్న్‌షిప్ అయితే, మల్లేశం కన్నా బాగా చేసినవాళ్లు నాకు తెలియదు.

అందుకే ఫ్యాక్టరీ గడప తొక్కకుండా సర్టిఫికెట్ కొనుక్కొచ్చే పిల్లల్ని చూస్తే నాకు కోపం కన్నా బాధ ఎక్కువ. కాగితం దొరుకుతుంది. ‘టిక్’ చప్పుడు చెవిన పడదు. వెళ్లేవాళ్లకు నేను ఒకటే చెప్తాను: మొదటి రోజే అడగండి, ఇక్కడ ఏది కనబడితే పని ఆపాలి అని. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు వెతికితే డ్రాయింగు, కొలత, మనిషి కష్టం అన్నీ వాటంతటవే తెలుస్తాయి.

ఐదో వారంలో మళ్లీ చుక్క లేని బోల్టు కనబడింది. చేయి వణికింది. అయినా తాడు లాగాను. లీడర్ వచ్చాడు, చూశాడు, రెంచ్ పెట్టి తిప్పి, చుక్క పెట్టి, దీపం ఆర్పి వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు.

ఇంటికొచ్చాక నాయినకు ఇదంతా చెప్పాను. నాడె చేతిలోనే పట్టుకుని విన్నాడు.

“ఆపినోన్ని తిట్టరా?”

“తిట్టరు నాయినా.”

“అయితే పని తెలిసినోళ్లే” అని మళ్లీ నేతలో పడ్డాడు.