పైపులైన్లో ఉన్న హీరో

అనంతపురం జిల్లాలో 'పైపులైన్' అనే మాట వింటే మాకు నవ్వొస్తుంది. ముందు రోడ్డు తవ్వుతారు. పైపు వేస్తారు. కుళాయి బిగిస్తారు. ఆ కుళాయి పట్టుకుని పిల్లోళ్లు ఊగుతారు. నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పరు. రావని కూడా చెప్పరు.

ఆ మాటే మళ్లీ ఒక పిల్లల చానెల్ పెద్దల నోట విన్నాం. పేరెందుకులెండి. రాబోయే కార్టూన్ సీరియళ్ల గురించి, వాటిలోని వీరుల గురించి వాళ్లు మాట్లాడుతుంటే మాలో కొందరం వెళ్లి కూర్చున్నాం. ఒక వీరుడు ఎగురుతాడట. ఒకడు ఖాకీ వేసుకుంటాడట. ఇంకొకడికి మంత్రాలొచ్చట. అంతా అయ్యాక అడిగాం, 'వీళ్లలో ఒక్క ముస్లిం పిల్లోడైనా ఉన్నాడా సార్?' అని. 'మా హీరోలకు మతం లేదండీ' అన్నారు. 'పేర్లు ఉన్నాయి కదా' అన్నాం. నవ్వారు. 'మంచి సూచన. పైపులైన్లో చాలా ఉన్నాయి, టైమొచ్చినప్పుడు చెప్తాం' అన్నారు. టీ ఇప్పించారు.

లేదు అనుంటే బాగుండేది. లేదన్న మాటతో పోట్లాడొచ్చు. 'టైమొచ్చినప్పుడు' అన్న మాటతో ఏం పోట్లాడతాం? అది తలుపు వేయదు, తీయదు. మనల్ని గడప బయట మర్యాదగా నిలబెడుతుంది.

బొమ్మల్లో కూడా మతమేంటని సెక్యులర్ మిత్రులు అడుగుతారు. మేమూ అదే అడుగుతున్నాం. ఛోటా భీమ్‌నే తీసుకోండి. ఎక్కడో తయారైంది కాదు, మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసింది. 2008లో పోగో చానెల్లో మొదలై దేశమంతా గెలిచింది. మా ఇళ్లలోనూ గెలిచింది. లడ్డూ తింటే బలమొస్తుందని మా పిల్లలూ నమ్మారు. ఢోలక్‌పూర్‌కు సంవత్సరం లేదు, జిల్లా లేదు. కానీ భీమ్, చుట్కీ, రాజు, కాలియా, ఢోలూ, భోలూ, రాజుగారు ఇంద్రవర్మ. జగ్గూ అనే కోతికి కూడా ఆ జట్టులో చోటుంది. సలీమ్‌కు లేదు. ఎవరూ కావాలని తీసేసి ఉండరు. గుర్తు రాలేదు, అంతే. మా బాధ కూడా అంతే.

వీధిలో ఆట మొదలైతే ఏమవుతుందో చూడండి. ఒకడు భీమ్ అవుతాడు. ఒకడు రాజు అవుతాడు. మా వాడు మిగులుతాడు. 'నువ్వు దొంగవి కారా' అంటారు. పగతో కాదు, స్నేహంగానే. 1992లో 'రోజా' వచ్చిన దగ్గర్నుంచి సినిమాల్లో తుపాకీ పట్టినవాడి పేరు ఏదై ఉంటుందో ఆ పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. మా వాడు కాసేపు నిలబడి, దొంగవుతాడు. ఆడాలి కదా మరి.

'అలాంటి హీరోను చేస్తే ఎవరు చూస్తారు?' అంటారు. చేసినవాడున్నాడు. కువైట్‌కు చెందిన నయీఫ్ అల్ ముతవ్వా అనే మనస్తత్వ వైద్యుడు 'ది 99' పేరుతో 2006 నుంచి కామిక్స్ తెచ్చాడు. 1258లో మంగోలులు బాగ్దాద్ మీద పడి గ్రంథాలయాలను ధ్వంసం చేశారు కదా, ఆ పుస్తకాల జ్ఞానమంతా 99 రాళ్లలో దాగిందని కథ. ఆ రాళ్లు దొరికిన పిల్లలకు అల్లాహ్ 99 పేర్లు సూచించే గుణాల్లో ఒక్కో గుణం శక్తిగా వస్తుంది. బలం, వెలుగు, దయ ఇలా. ఒక దేశం పిల్లలు కాదు, అనేక దేశాల వాళ్లు. చక్రాల కుర్చీలో తిరిగే అమెరికా పిల్లోడున్నాడు. బురఖా వేసుకున్న యెమెన్ పిల్ల ఉంది, వేసుకోని పిల్లలూ ఉన్నారు. ఎవరూ ఒంటరిగా గెలవరు, ముగ్గురేసి కలిసి వెళ్తారు. ఇది మాకు బాగా నచ్చింది. ఒక్కడే వచ్చి ఊరిని కాపాడతాడంటే కరువు సీమవాళ్లం మేం ఎట్లా నమ్ముతాం?

ఈ కథలు కార్టూన్ సీరియల్ అయ్యాయి. 2010 ఏప్రిల్లో అమెరికా అధ్యక్షుడు ఒబామా తన ప్రసంగంలో మెచ్చుకున్నాడు. అదే ఏడు అక్టోబరులో మొదలైన 'హబ్' అనే పిల్లల చానెల్ దీన్ని ప్రసారం చేస్తానంది. వెంటనే అక్కడి ముస్లిం వ్యతిరేకులు లేచారు, మన పిల్లల మెదళ్లలోకి షరియా ఎక్కిస్తున్నారని. ఆ కథల్లో నమాజు కూడా చదవరు! చానెల్ వాళ్లు భయపడ్డామని చెప్పలేదు. రద్దు చేశామనీ చెప్పలేదు. వాయిదా అన్నారు. తేదీ ఇవ్వలేదు. 2014లో ఆ చానెల్ పేరే మారిపోయింది.

మా వైపు కూడా చూసుకుందాం. అదే 2014లో సౌదీ పెద్ద ముఫ్తీ, అక్కడి ఉలేమా కమిటీ ఈ బొమ్మల మీద ఫత్వా ఇచ్చారు. దేవుడి గుణాలు మనుషులకు అంటగట్టారని వాళ్ల కోపం. మేం ఆ ఫత్వాను ఒప్పుకోం. పిల్లల ఊహకు తాళం వేసే హక్కు ఏ ముఫ్తీకీ లేదు. కానీ ఆయన వద్దన్నాడు, ఎందుకు వద్దో చెప్పాడు. అందుకే మేం ఇలా ఎదిరించి రాయగలుగుతున్నాం. చానెల్ వాళ్లు మాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

పాకిస్తాన్‌లో 2013లో 'బురఖా అవెంజర్' వచ్చింది. గాయకుడు హారూన్ తీసింది. జియా అనే పంతులమ్మ ఆడపిల్లల బడి మూయించాలనుకునే వాళ్లతో పుస్తకాలతో, కలాలతో పోరాడుతుంది. ఆ తర్వాత జీక్యూ చానెల్ దాన్ని మన దేశంలోనూ వేసింది. సంతోషమే. కానీ జియా బడిలో బురఖా వేసుకోదు, పోరాడేటప్పుడే వేసుకుంటుంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే మా ఆడపిల్లలు చాలామంది ఇంటి నుంచి మిషను దాకా బురఖాలో వెళ్లి, పనిలో తీసి పక్కన పెడతారు. వాళ్ల పోరాటం అది తీశాకే మొదలవుతుంది. అయినా ఇట్లా వాదించుకోవాలంటే ముందు ఒక బొమ్మ తెర మీదికి రావాలి కదా.

కథలు లేవా మా దగ్గర? నార్పల దగ్గర గూగూడులో మొహర్రం నెలలో కుళ్లాయిస్వామి పీరు లేస్తాడు. వేలమంది వస్తారు, ఎక్కువమంది హిందువులే. తెల్లవారుజామున పీరు నిప్పుల గుండంలో నడిచి బయటికొస్తే, నాన్న భుజాల మీద కూర్చున్న పిల్లోడు కళ్లార్పడు. ఆ పిల్లోడి పేరు కుళ్లాయప్ప. తురకోడో, బోయోడో, దూదేకులోడో పేరును బట్టి చెప్పలేరు. మతం లేని హీరో కావాలన్నారు కదా సార్! ఆ రోజు టీవీల వాళ్లు వస్తారు, మతసామరస్యం అని రెండు నిమిషాలు చూపిస్తారు, వెళ్తారు. పీరు మళ్లీ పెట్టెలోకి, మేం మళ్లీ దొంగ పాత్రలోకి.

ఆ సభ తర్వాత చానెల్ వాళ్లకు ఉత్తరం రాశాం. సలహాలేమీ ఇవ్వలేదు. మూడే అడిగాం: పైపులైన్లో ఉన్నాడన్న ఆ పిల్లోడి పేరేంటి, ఏ సంవత్సరం వస్తాడు, ఎన్ని గంటలకు? జవాబొచ్చింది. మా ఉత్తరం అందిందట.