చల్లారేలోగా జరిగే పని: మురానో గాజు

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, ఓ పాత సామాన్ల దుకాణంలో 3.99 డాలర్లకు అమ్ముడైన గాజు వాజు ఒకటి 2023 డిసెంబరులో రైట్ వేలం సంస్థ దగ్గర 1,07,100 డాలర్లు పలికింది. ఇటలీ వాస్తుశిల్పి కార్లో స్కార్పా 1942లో వెనిని కంపెనీ కోసం రూపొందించిన ‘పెన్నెల్లాటె’ వరసలోది అది. దీన్ని అందరూ అదృష్టం కింద జమకడతారు. కానీ ధర చీటీ అంటించినవారూ, వేలంలో పాట పాడినవారూ చూసింది ఒకే వాజును. దాని ఒంటి మీదున్న చారలు రంగు పూతలు కావు. ఊదుతున్న వాజుకు వేడి రంగు గాజును అద్ది, గొట్టం తిప్పుతూ సాగదీసినవి. ఆ పని ఎంత కష్టమో తెలిసినవారికే దాని విలువ అర్థమైంది.

వెనిస్ పక్కనే ఉన్న చిన్న దీవి మురానో. అగ్నిప్రమాదాల భయంతో 1291లో వెనిస్ రిపబ్లిక్ గాజు కొలిముల్ని అక్కడికి తరలించింది. అక్కడి గాజులో సోడా శాతం ఎక్కువ. అందుకే కొలిమిలోంచి తీశాక కూడా తీగపాకంలా కాసేపు సాగుతుంది. బొహీమియా గాజు గట్టిది. చల్లారాక చక్రం మీద కోసి, చెక్కి అందం తెస్తారు. మురానోలో మాత్రం పని చాలావరకు వేడిగా ఉన్నప్పుడే ముగియాలి. మేస్త్రీ బల్ల మీద కూర్చుని గొట్టాన్ని తిప్పుతూనే ఉంటాడు. సహాయకులు ఊదుతారు, రంగు అందిస్తారు, మళ్లీ కొలిమికి చూపిస్తారు. తిప్పడం ఆగితే ముద్ద ఒక పక్కకు వాలిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పాత విద్యకు కొత్త చూపు తోడైంది. వెనిని కంపెనీ అధిపతి పావొలో వెనిని మరికొందరు బయటి కళాకారుల్ని కొలిమి దగ్గరికి రప్పించాడు. ఫుల్వియో బియాంకోని గాజు పనివాడు కాదు, బొమ్మలు గీసే మనిషి. ఆయన గీసినదాన్ని మేస్త్రీలు గాజులోకి తెచ్చేవారు. రంగు గాజు పలకల్ని పక్కపక్కన పేర్చి, వేడికి అతికించి, గొట్టానికి చుట్టి ఊదిన ‘పెజ్జాటో’ వాజులు అలా వచ్చినవే. సెగూసో వెత్రి దార్తె కంపెనీలో ఫ్లావియో పోలి ‘సొమెర్సో’ను ఒక స్థాయికి తెచ్చాడు. ఒక రంగు గాజు ముద్దను మరో రంగు గాజు కరిగి ఉన్న మూసలో ముంచి తీస్తే పైన ఇంకో పొర పడుతుంది. ఆ పొరలు చల్లారేటప్పుడు ఒకే తీరున ముడుచుకోవాలి, లేదంటే వాజు పగులుతుంది. దళసరి గాజు కాబట్టి బట్టీలో నెమ్మదిగా చల్లార్చాలి. పోలి సొమెర్సో వాజుకు 1954లో, ఇటలీ డిజైన్ రంగంలో పేరున్న కొంపాస్సో దోరో అవార్డు మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడే, ఆ గౌరవం దక్కింది.

సేకరించేవారికి అన్నిటికన్నా మంచి పాఠం ‘ఫాజ్జొలెట్టో’, అంటే చేతిరుమాలు వాజు. 1940ల చివర్లో బియాంకోని, వెనిని కలిసి దీన్ని రూపొందించారు. ఊదిన బుడగను విప్పి పళ్లెంలా చేసి, తలకిందులుగా పట్టుకుంటే అంచులు తమ బరువుకే జారి మడతలు పడతాయి. అందుకే ఏ రెండూ ఒకేలా ఉండవు. తర్వాత ఇంగ్లండులో ఛాన్స్ బ్రదర్స్ కూడా రుమాలు వాజులు చేసింది. అయితే కార్ఖానా గాజు పలకను బట్టీలో మెత్తబరిచి, వంగనిచ్చి.

రెండూ పక్కపక్కన పెట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. జాన్‌ఫిరికో అనే పద్ధతిలో చేసిన వెనిని రుమాలులో మెలితిరిగిన తెల్లని దారాలు గాజు మందంలోనే ఉంటాయి. రెండో దానిలో డిజైను పైన అచ్చువేసినది. మొదటి దాని మందం చోటు చోటుకీ మారుతుంది, రెండోది పలకే కాబట్టి దాదాపు సమంగా ఉంటుంది. ఇక అడుగు తిప్పి చూడాలి. ఊదిన గాజుకు అడుగున ఇనుప కడ్డీ అతికించి మూతిని తీర్చిదిద్దుతారు. విరిచిన ఆ మచ్చో, దాన్ని అరగదీసి నునుపు చేసిన జాడో అక్కడ మిగులుతుంది. ఏళ్ల తరబడి బల్ల మీద జరిపిన వాజుకు నేలను తాకే చోట మాత్రమే, అన్ని దిక్కులకూ సన్నని గీతలు పడతాయి. అన్నీ ఒకే దిక్కుకు ఉంటే ఎవరో గరుకు కాగితం పట్టారని అనుమానించాలి.

కాగితపు లేబుళ్లు ఒక వాజు మీంచి మరోదానికి ఎక్కుతాయి. యాసిడ్‌తో వేసిన వెనిని ముద్రను దొంగగా వేసేవారూ ఉన్నారు. అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరిస్తే అందులో యురేనియం ఉందని తెలుస్తుంది గానీ, తయారుచేసిన కొలిమి పేరు తెలియదు.

ఇదంతా చూసి చూసి అలవాటు కావాలి. హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంలోని యూరప్ గాజు చాలావరకు ఇంతకు ముందు కాలానిదే అయినా, ఊదిన గాజుకూ కోసిన గాజుకూ తేడా పట్టడం అక్కడ నేర్చుకోవచ్చు. కొనదలిస్తే పెద్ద పేర్ల వెంట పడకుండా, సంతకం లేని చిన్న సొమెర్సో వాజుతో మొదలుపెట్టడం మేలు. పొరల అంచులు తేటగా, గోడల మందం తూకంగా ఉంటే అది మంచి మేస్త్రీ పని. ఆయన పేరు ఎప్పటికీ తెలియకపోయినా, పెట్టిన డబ్బు ఆ పనికే పెట్టినట్టు.